కొలిమి ఇంటి బిడ్డకు

మల్లేశ్వరం, బెంగళూరు



నీ ఉత్తరం అందింది. రెండు మాటలు అడిగావు. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో) నువ్వు చేస్తున్న అల్లాయ్‌ల పని మన ఊరికి, మన వాళ్లకు ఎట్లా అక్కరకొస్తుందన్నది ఒకటి. దాన్ని వదిలేసి చదువుల్లో ఉన్న అసమానతల మీద పరిశోధనకు మళ్లితే తప్పవుతుందా అన్నది రెండోది. ఊళ్లో బడికి పోయి చూసి వచ్చాక నిద్ర పట్టలేదని రాశావు. ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి తెలుగు వాచకం కూడబలుక్కుని చదువుతుంటే, నువ్వు ఇక్కడ ఏసీ గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చోవడం నీకు అన్యాయంగా తోచిందన్నావు. ఆ తోచడం మంచిదే. అది నీలో ఎప్పటికీ ఆరిపోకూడదు. కానీ అంత పెద్ద నిర్ణయాన్ని ఆ ఒక్కదాని మీదనే నిలబెట్టకు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఈ ఏడాది ఏదీ వదలకు. పీహెచ్‌డీ కాంప్రహెన్సివ్ పరీక్ష అయ్యాక మళ్లీ కూర్చుని ఆలోచిద్దాం. ఇంట్లో తొలిసారి ఇంత చదువు చదివిన పిల్లవి కాబట్టి దిగమింగుకుని ఉండమని చెప్పే రకం మనిషిని కాను నేను. నువ్వు బడిలో చూసి బాధపడ్డ ప్రశ్న నీ ల్యాబ్‌లో కూడా ఉందని నా నమ్మకం. పని చేసేది ఎవరు, పేరు దక్కేది ఎవరికి, లెక్కలోకి వచ్చేది ఎవరు, రానిది ఎవరు? లోహాన్ని కొలిచినా, పిల్లల చదువును కొలిచినా ఈ ప్రశ్న నిన్ను వదలదు. రెండింటిలోనూ దాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాక ఏ దారి పట్టినా నాకు సమ్మతమే.

మన జిల్లా సంగతే తీసుకో. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు చిన్నప్పుడు తాత నోట విని ఉంటావు. ప్రపంచమంతా ఊట్జ్ అని పిలిచిన ఉక్కు అక్కడి కొలిముల్లో తయారైంది. దాన్ని కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ ఆ పని స్వయంగా చూసి రాసుకున్నాడు. ఆయన 1824లోనే చనిపోయినా ఆ వివరణ 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి మట్టి మూసలో పెట్టడం, మూత పెట్టి మట్టితో మూసేయడం, బొగ్గు కొలిమిలో గంటల తరబడి తిత్తులు ఊది కరిగించడం, మెల్లగా చల్లారనివ్వడం, గట్టిపడ్డ ముద్దను మళ్లీ మళ్లీ కాచి మెత్తబరచడం... అన్నీ ఉన్నాయి అందులో. నీ శాఖలో ఈ రోజు ఫర్నేస్ లాగ్‌బుక్ ఎట్లా రాస్తారో దాదాపు అట్లాగే ఉంది.

ఆ మూస సంగతి నీకు తప్పక చెప్పాలి. ఉక్కు కరగాలంటే కొలిమి వేడి 1,200 డిగ్రీలు దాటాలి. అంత వేడిలో గంటల తరబడి పగలకుండా, మెత్తబడకుండా నిలిచే మట్టిపాత్ర చేయడం ఉక్కు చేయడం కంటే తక్కువ పనేం కాదు. మట్టిలో వరి ఊక కలిపారు. ఊక మాడి కార్బన్‌గా మారుతుంది, అందులోని సిలికా నిలబడిపోతుంది, వేడికి మట్టిలో సూదుల్లాంటి ములైట్ స్ఫటికాలు పుడతాయి. 1991లో థెల్మా లోవ్, తోటి పరిశోధకులు ఇక్కడి పాత మూసల ముక్కలను పరీక్షించి, ఇది పీచుతో బలపరచిన సెరామిక్ కాంపోజిట్ అని రాశారు. నీ మొదటి సెమిస్టర్ కోర్సులో కాంపోజిట్లు వచ్చినప్పుడు విమానం రెక్కల బొమ్మలు చూపించి ఉంటారు. పక్కన ఈ మూస ముక్కను కూడా ఉంచి చూడు.

ఈ ఉక్కు ఐరోపాకు చేరాక ఏం జరిగిందో విను. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో దాని మీద పత్రం చదివాడు. 1819లో మైకేల్ ఫారడే దాన్ని విశ్లేషించాడు. తర్వాత స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి రకరకాల లోహాలు ఉక్కులో కలిపి ప్రయోగాలు చేశాడు. అల్లాయ్ స్టీళ్ల మీద క్రమపద్ధతిలో సాగిన తొలి ప్రయోగాల్లో వాటిని లెక్కిస్తారు. ఆ రకంగా నీ సబ్జెక్టుకు ఉన్న వేళ్లలో ఒకటి మన జిల్లా మట్టిలో ఉంది. ఇంకో సంగతి: ఫారడే కమ్మరి కొడుకు. బడి చదువు అంతంతమాత్రం. పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పనికి కుదిరి, బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలే చదివి పైకొచ్చాడు. రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీకి సహాయకుడిగా ఐరోపా యాత్రకు వెళ్లినప్పుడు డేవీ భార్య ఫారడేను నౌకరు కింద జమకట్టింది. అయినా లండన్ కమ్మరి కొడుక్కి చరిత్రలో చోటు దొరికింది. ఆయన చేతికి అందిన ఆ ముద్దలాంటి ఉక్కును తరతరాలుగా చేసిన మన కమ్మరుల్లో ఒక్కరి పేరైనా ఆ పత్రాల్లో నాకు కనిపించలేదు. వాయ్‌సీ రాతలో ఇస్ఫహాన్ వర్తకుని ప్రస్తావన ఉంది. ఉక్కు చేసినవాళ్లు మాత్రం పని వర్ణనలో చేతులుగా మిగిలారు.

ఆ తర్వాత కూడా ఈ ఉక్కు మీద పని ఆగలేదు. ఈ ఉక్కుతో కొట్టిన కత్తుల మీద కనిపించే నీటి అలల్లాంటి చారలకు, లోహంలో ఉన్న అతి స్వల్ప వెనేడియం లాంటి మలినాలే కారణమని అమెరికాలో వెర్‌హోవెన్, పెండ్రే 1990ల్లో ప్రయోగాలతో వాదించారు. అలాంటి మలినాలున్న ఖనిజం దొరకడం ఆగిపోవడంతో ఆ చారల విద్య కూడా పోయిందని వాళ్ల ఊహ. 2006లో డ్రెస్డెన్‌లో పాఫ్లర్ బృందం ఇలాంటి ఉక్కుతో చేసిన ఒక పాత డమాస్కస్ కత్తి ముక్కలో కార్బన్ నానోట్యూబులు చూశామని ‘నేచర్’లో ప్రకటించింది. ఇవన్నీ మంచి పనులే, నువ్వు తప్పక చదవాల్సినవే. కానీ చదివేటప్పుడు ఒక ప్రశ్న పక్కన పెట్టుకో: ఈ విద్య తెలిసిన మనుషులకు ఏమైంది? మలినాల సిద్ధాంతం ఉక్కు ఎందుకు మారిందో చెబుతుంది. కొలిములు ఎందుకు ఆరాయో చెప్పాలంటే బొగ్గుకు అడవి ఎవరి అధీనంలోకి పోయిందో, ఇంగ్లండు నుంచి చౌక ఇనుము ఎప్పుడు దిగిందో, రాజుల ఆయుధాగారాలు ఎప్పుడు మూతపడ్డాయో తెలుసుకోవాలి. ఆ పని మైక్రోస్కోపు ఒక్కదానితో కాదు.

ఆ రెండు పనులనూ కలిపి చేసినవాళ్లు నీ క్యాంపస్‌లోనే పనిచేశారు. 1945లో మెటలర్జీ శాఖగా మొదలైన నీ మెటీరియల్స్ ఇంజినీరింగ్ శాఖలో ప్రొఫెసర్ ఎస్. రంగనాథన్ ఉండేవారు. నువ్వు చేస్తున్న బహుమూలకాల అల్లాయ్‌ల గురించి మన దేశంలో అందరికంటే ముందు, 2003లోనే, ‘కరెంట్ సైన్స్’లో వ్యాసం రాశారు. మరుసటి ఏడాది ఊట్జ్ ఉక్కు మీద శారదా శ్రీనివాసన్‌తో కలిసి పుస్తకం తెచ్చారు. శారదా శ్రీనివాసన్ పనిచేసింది మీ క్యాంపస్‌లో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌లో. 1988లో రాజా రామన్న తొలి డైరెక్టరుగా మొదలైన ఆ సంస్థలో ఒకే కప్పు కింద ప్రాచీన లోహాల మీద, పాఠశాల విద్య మీద, సామాజిక అసమానతల మీద పరిశోధన జరిగింది. 2010లో ఆ సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచి గిల్ జూలెఫ్ బృందం కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి, ఎక్కడెక్కడ చిట్టెం గుట్టలున్నాయో, ఎక్కడ మూసల పెంకులు పడి ఉన్నాయో సర్వే చేశాయి. నీ హాస్టల్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో మన ఊళ్ల మ్యాపు ఉందన్నమాట. నువ్వు ఇంకా చూడలేదు. ముందు అది చూడు.

ఇక నీ ల్యాబ్ లోపలి సంగతి. గ్రూప్ మీటింగ్‌లో నోరు పెగలడం లేదని, ఇంగ్లిష్‌లో తడబడితే ఒకరిద్దరు చూపులు కలుపుకుంటారని రాశావు. దీన్ని నీ లోపంగా లెక్కవేసుకోకు. ఈ క్యాంపస్ పుట్టినప్పటి నుంచి ఎవరు లోపలికి రావాలన్న పంచాయితీ ఇక్కడ ఉంది. జంషెట్జీ టాటా సంకల్పం, మైసూరు సంస్థానం ఇచ్చిన 371 ఎకరాలు కలిసి 1909లో ఇది ఏర్పడింది. 1933లో బొంబాయి నుంచి కమలా భాగవత్ (తర్వాతి కాలంలో కమలా సోహోనీ) అనే అమ్మాయి మంచి మార్కులతో ఇక్కడ చేరడానికి దరఖాస్తు పెడితే అప్పటి డైరెక్టర్ సి.వి. రామన్ ఆడపిల్లవని కాదన్నారు. ఆమె ఇక్కడికే వచ్చి పట్టుబట్టి కూర్చుంది. చివరికి ఏడాదిపాటు పరీక్ష కింద, షరతుల మీద చేర్చుకున్నారు. ఆమె 1939లో కేంబ్రిడ్జ్ డాక్టరేట్ తెచ్చుకుంది. ఆ తర్వాత 1940లో రామన్ ల్యాబ్‌లోనే చేరిన అన్నా మణి కెంపులు, వజ్రాల వర్ణపటాల మీద సొంతంగా పత్రాలు రాసింది. ఎమ్మెస్సీ లేదన్న సాకుతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు పీహెచ్‌డీ ఇవ్వలేదు. ఆ థీసిస్ ఇప్పటికీ బెంగళూరులోనే రామన్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఉంది. ఒక శనివారం సదాశివనగర్ పోయి చూసిరా. ఈ చరిత్రను కులం, స్త్రీపురుష భేదాల కోణంలో అభా సూర్ ‘డిస్పర్స్‌డ్ రేడియన్స్’ అనే పుస్తకంలో 2011లో రాసింది. మన దేశపు సైన్స్ మీద నేను చదివిన పుస్తకాల్లో నీ వయసు పిల్లలంతా తప్పక చదవాలనిపించేది అది.

రామన్‌ను చిన్నబుచ్చడానికి ఇది చెప్పడం లేదు. అంత గొప్ప కన్ను ఉన్న మనిషికి కూడా ఎదురుగా నిలబడ్డ పిల్ల కనబడకపోవచ్చు. నీ చుట్టూ ఉన్నవాళ్లకు నువ్వు కనబడకపోతే వాళ్ల మంచితనం కోసం ఎదురుచూడకు. సంస్థలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థుల కోసం ఉన్న విభాగాలను, హాస్టల్ సీనియర్లను ముందే పరిచయం చేసుకో. కష్టం వచ్చినప్పుడు తలుపు ఎక్కడుందో వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఫెలోషిప్ 2023లో 37,000 రూపాయలకు పెరిగింది కదా, అందులోంచి ఇంటికి పంపేది కాక కొంత విడిగా దాచిపెట్టు. ఫెలోషిప్ ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది. తొలితరం పిల్లలు అట్లాంటప్పుడే వదిలేసి ఇంటికి పోతారు.

పేపర్ల మీద పేర్ల సంగతి ఇంకా ముఖ్యం. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అన్న మాట పని మొదలైనప్పుడే గైడ్‌తో మర్యాదగా, స్పష్టంగా మాట్లాడుకో. పని అయ్యాక మాట్లాడితే అది గొడవలా వినబడుతుంది. నీ పేరు గురించి ఎంత పట్టుదలగా ఉంటావో ఇతరుల పేర్ల గురించి కూడా అంతే ఉండాలి. నమూనాను అద్దంలా పాలిష్ చేసిచ్చే ల్యాబ్ అసిస్టెంట్, రాత్రిళ్లు కొలిమి దగ్గర ఉండే టెక్నీషియన్, వర్క్‌షాప్‌లో ఎలక్ట్రోడ్ చెక్కి ఇచ్చే మనిషి, వీళ్ల పేర్లు కృతజ్ఞతల్లో రాయి. వాళ్లు ఒక ఆలోచన ఇచ్చి ఉంటే రచయితల జాబితాలో పెట్టమని వాదించు. కోనసముద్రంలో జరిగిన తప్పు ఇవాళ కూడా, ఎయిర్ కండిషన్డ్ గదుల్లో, ఎవరి చెడ్డతనమూ అక్కర్లేకుండానే జరిగిపోతుంటుంది.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. చదువు మీద పరిశోధన చేయాలంటే జాలి చాలదు. ఆ రంగంలో జరిగిన పనిని కొంచెం చూస్తే నీకే తెలుస్తుంది. మన వైపు జరిగిన ఒక పని గురించి చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి ఐదు జిల్లాల్లో 500 ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల మీద ప్రయోగాలు చేశారు. ఏ బడికి ఏం దక్కాలో లాటరీ తీసి నిర్ణయించారు. కొన్ని బళ్లలో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్, కొన్నింటికి అదనంగా ఒక కాంట్రాక్ట్ టీచర్, కొన్నింటికి నోటుపుస్తకాలకు, సామానుకు డబ్బు, కొన్నింటికి ఏమీ లేదు. లాటరీ ఎందుకంటే, మంచి హెడ్‌మాస్టర్ ఉన్న బడికే డబ్బిచ్చి, తర్వాత ఫలితం డబ్బు వల్లే వచ్చిందని చెప్పుకోకుండా ఉండటానికి. నువ్వు అల్లాయ్‌లో ఒక్క మూలకాన్ని మాత్రమే మార్చి మిగతావన్నీ అట్లాగే ఉంచుతావే, అదే క్రమశిక్షణ.

ఫలితాలు ఎవరి నమ్మకాలకూ పూర్తిగా అనుకూలంగా రాలేదు. బోనస్ ఉన్న బళ్లలో రెండేళ్లకు లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ల మెరుగు వచ్చింది. టీచర్ల హాజరు పెరగలేదు, వచ్చిన రోజు చెప్పే తీరు మారింది. డబ్బిచ్చిన బళ్లలో మొదటి ఏడు పిల్లలు ముందుకు పోయారు. రెండో ఏడు ఆ డబ్బు వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు ఇంట్లో పుస్తకాలకు పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, మార్కుల్లో తేడా కనబడలేదు. ఇది చదివి పేద తల్లిదండ్రులను తప్పుపట్టినవాళ్లున్నారు. నాకు అందులో తప్పు కనబడదు. చేతిలో ఉన్న పది రూపాయలు ఎక్కడ అవసరమో వాళ్లకు తెలుసు. ప్రభుత్వం ఇచ్చేది తెలిశాక తమ డబ్బును బియ్యానికో మందులకో మళ్లించుకున్నారు. లెక్క ఒకటే చెప్పింది, దాని అర్థం మనమే తీయాలి.

అదనపు కాంట్రాక్ట్ టీచర్లున్న బళ్లు కూడా మెరుగయ్యాయి. రెగ్యులర్ టీచర్ జీతంలో దాదాపు ఐదో వంతు జీతానికి పనిచేసే విద్యా వాలంటీర్లు వాళ్లు. ఎక్కువమంది అదే ఊరి యువతులు. చదువు చెప్పడంలో వాళ్లు రెగ్యులర్ టీచర్ల కంటే ఏం తీసిపోలేదని తేలింది. ఈ వాక్యాన్ని ఒకరు ‘అయితే ఇంత చౌకగా పని జరుగుతుంటే రెగ్యులర్ పోస్టులెందుకు’ అని చదువుతారు. ఇంకొకరు ‘సమానంగా పనిచేసే పిల్లకు ఐదో వంతు జీతమా’ అని చదువుతారు. నేను రెండోదాని వైపు. ప్రయోగం మాత్రం ఆ తీర్పు చెప్పదు, చెప్పలేదు. నువ్వు ఆ రంగంలోకి పోతే అంకెను నిజాయితీగా చెప్పాలి. తర్వాత నీ తీర్పును నీ పేరు పెట్టి విడిగా చెప్పాలి. రెండింటినీ కలిపేసి అంకె వెనక దాక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు.

అదే బృందం తర్వాత ప్రైవేటు బడుల వోచర్ల మీద చేసిన పని మన ఊరికి మరీ దగ్గర. 180 ఊళ్లలో ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ తీసి, గెలిచినవాళ్లకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో గెలిచిన పిల్లలకూ ఓడిన పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. అక్కడ తెలుగు, లెక్కలకు తక్కువ సమయమిచ్చి వేరే సబ్జెక్టులకు ఎక్కువ ఇస్తున్నారు. మరోపక్క, ప్రైవేటు బడి ఒక్కో పిల్లకు పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ఎందుకు లేదో నీకు తెలుసు. అక్కడి టీచరమ్మ జీతం చూడు చాలు. మన వాడలో అప్పు చేసి కాన్వెంటుకు పంపే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పడం ఎట్లా అన్నది నన్ను వేధించే ప్రశ్న. వాళ్లు టై, బూట్లు, ఇంగ్లిష్ కొంటున్నామని తెలిసే కొంటున్నారు. ఆ ఆశను మనం కొలవలేదు కాబట్టి అది లేదనలేం.

చూశావా, ఇది సులువు రంగం కాదు. నువ్వు బడిలో చూసిన బాధ నిజం. దాన్ని ఒక ప్రశ్నగా, ఆ ప్రశ్నను ఒక కొలతగా మార్చడానికి ఏళ్లు పడతాయి. ఆ శిక్షణ నీకు ఇప్పుడు లోహాల దగ్గర దొరుకుతోంది. ఒకే నమూనాను మూడు పరికరాలతో చూడటం, ఫలితం రాని ప్రయోగాన్ని కూడా నోట్‌బుక్‌లో తేదీతో రాయడం, తనకిష్టమైన గ్రాఫ్‌ను తానే అనుమానించడం, ఇవన్నీ అలవాటైన మనిషి ఏ రంగానికి పోయినా పనికొస్తుంది.

రెండూ కలిపి బతికిన మనిషి కావాలంటే అమూల్య రెడ్డి గారి గురించి చదువు. బెంగళూరులో 1930లో పుట్టారు. ఎలక్ట్రోకెమిస్ట్రీలో బోక్రిస్‌తో కలిసి ఆయన రాసిన పాఠ్యపుస్తకం 1970లో వచ్చింది, ప్రపంచమంతటా చదివారు. అంత పేరు తెచ్చుకున్నాక, ఇక్కడే మీ సంస్థలో, పల్లెల కోసం సైన్స్ ఏం చేయాలి అని అడుగుతూ 1974లో ‘అస్త్ర’ అనే విభాగం మొదలుపెట్టారు. తుమకూరు జిల్లా ఉంగ్ర దగ్గర కేంద్రం పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లలో కట్టెలు ఎంత కాలుతున్నాయి, ఆ కట్టెలు ఎవరు మోస్తున్నారు, నీళ్లకు ఎన్ని గంటలు పోతున్నాయి అని ఇంటింటికీ తిరిగి కొలిచారు. శక్తి గురించిన లెక్క ఆడవాళ్ల, పిల్లల నడుము నొప్పి లెక్కగా తేలింది. కట్టె వేడి వృథా పోకుండా మూడు గిన్నెలు ఒకేసారి ఉడికే ‘అస్త్ర ఒలె’ అనే పొయ్యి వచ్చింది. కె.ఎస్. జగదీశ్, బి.వి. వెంకటరామ రెడ్డి లాంటివాళ్లు మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, ప్రెస్‌తో అదిమి, బట్టీలో కాల్చకుండానే గోడలు కట్టే దిమ్మలు తయారు చేశారు. ఇది మెటీరియల్స్ సైన్స్ కాదని ఎవరైనా అంటే నమ్మకు. మట్టిలో బంకమన్ను పాలెంత, ఇసుక ఎంత, తడి ఎంత, అదుముడు ఎంత అన్నది మీ అల్లాయ్ సమస్యకు ఏమాత్రం తీసిపోని సమస్య.

ఆ బృందం పుర అనే ఊళ్లో అందరికీ కలిపి ఒక గోబర్ గ్యాస్ ప్లాంటు పెట్టింది. ముందు వంట కోసమని అనుకున్నారు. ఊళ్లో దొరికే పేడకు వంటకు సరిపడా గ్యాస్ రాలేదు, పథకం నిలబడలేదు. ఊరివాళ్లను అడిగితే ముందు తాగే నీళ్లు, ఆ తర్వాత వెలుతురు కావాలన్నారు. 1980ల చివర్లో అదే గ్యాస్‌తో ఇంజను నడిపి బోరు నీళ్లు, కరెంటు దీపాలు ఇచ్చారు. ఊరు ఆ పథకాన్ని తనదిగా చూసుకుంది. నీ బడి సమస్యకు కూడా దీన్ని దగ్గరగా పట్టి చూడు. ఆ ఐదో తరగతి పిల్లలకు ఏం కావాలో నువ్వు ఇంకా వాళ్లను అడగలేదు, వాళ్ల అమ్మలను అడగలేదు, ఆ బడిలో ఉన్న ఒక్క టీచరమ్మనూ అడగలేదు. బాధపడి తిరిగొచ్చావు.

ఈ ఏడాదికి నీ పని నేను చెబుతాను, నచ్చితే చేయి. కోర్సులు శ్రద్ధగా పూర్తిచేయి. నాగరభావిలో వి.కె.ఆర్.వి. రావు 1972లో స్థాపించిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనామిక్ చేంజ్ (ఐసెక్)లో, సర్జాపుర వైపున్న అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో చదువు గురించి బహిరంగ ఉపన్యాసాలు జరుగుతుంటాయి. నెలకొకటైనా విను. స్టాటిస్టిక్స్ కోర్సు ఒకటి మీ సంస్థలోనే తీసుకో. గైడ్‌కు ఇష్టం లేకపోతే ఆడిట్‌గా అయినా తీసుకో. వారానికి ఒక పేజీ, ఆ వారం ల్యాబ్‌లో ఏం చేశావో తెలుగులో రాసి మీ బాపుకు పంపు. ఎరుపు ఏ ఛాయకొస్తే కొడవలిని నీళ్లలో ముంచాలో కంటితో చెప్పగల మనిషి అతను. నువ్వు క్వెంచింగ్ అని రాసేదాంట్లో ఏది తప్పో ఒప్పో ఫోన్‌లో చెబుతాడు. అతను చెప్పింది కూడా తేదీ వేసి, పేరు వేసి అదే నోట్‌బుక్‌లో రాసుకో. నువ్వు నీ సబ్జెక్టును అతనికి అర్థమయ్యేట్టు చెప్పగలిగిన రోజున గ్రూప్ మీటింగ్‌లో ఇంగ్లిష్ అడ్డం రాదు.

కాంప్రహెన్సివ్ అయ్యాక కూడా చదువుల పరిశోధన వైపే మనసు లాగితే, మారిపో. మీ బాపుతో నేను మాట్లాడతాను. ‘అంత మంచి సీటు వదులుకుంటుందా’ అని చుట్టాలు అంటారు. అననీ. కానీ అప్పుడు బాధ తట్టుకోలేక పారిపోతున్నట్టు పోవద్దు. చేతిలో పని పట్టుకుని పో.

డిసెంబర్ సెలవుల్లో యశ్వంత్‌పూర్ నుంచి కాచిగూడ బండికి టికెట్ ఇప్పుడే చేసుకో, పండగ రోజుల్లో దొరకదు. ఊరికి వెళ్లాక ఒక రోజు కోనసముద్రానికి మీ బాపును వెంటబెట్టుకుని పో. గుట్ట మీద చిట్టెం, మూసల పెంకులు కనబడితే చేతికి తీసుకోకు. ఫొటో తీయి, చోటు రాసుకో, ఎవరి చేను అది, ఎవరితో మాట్లాడావు అని రాసుకో. ల్యాబ్‌కు నమూనా కావాలంటే ముందు నేషనల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ సర్వే చేసినవాళ్లను, పురావస్తు శాఖను అడిగి అనుమతి తీసుకో. అక్కడ ముసలి కమ్మరులు ఎవరైనా ఉంటే కూర్చోబెట్టి వాళ్ల తాత ముత్తాతల పేర్లు అడుగు. పేర్లు రాసుకోవచ్చా, అచ్చులో వేసుకోవచ్చా అని కూడా అడుగు. వద్దంటే రాయకు. సరేనంటే ఇంటిపేరుతో సహా, తప్పులేకుండా, వాళ్లకు చదివి వినిపించి మరీ రాసుకో.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా. అభా సూర్ పుస్తకం నా దగ్గర ఉంది, తీసుకుపోదువు గానీ.

ప్రేమతో
నీ మేనత్త